గట్టిగా ఉండాలా, మెత్తగా ఉండాలా? కొత్త ప్రిన్సిపాల్‌కి ఒక పాత హెచ్చెం జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను సార్. తిరుపతిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఏడేళ్లు ఫిజిక్స్ చెప్పి, ఈ జూన్‌లో ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చున్నారు. స్టాఫ్ ఇరవై ఎనిమిది మంది. ముందున్న పెద్దాయన మెతక మనిషి. పదో తరగతి ఫలితాలు రెండేళ్లుగా దిగుతున్నాయి. కరస్పాండెంట్ గారేమో "గట్టిగా ఉండు, స్టాఫ్ ప్రొడక్టివిటీ పెరగాలి" అంటున్నారు. మొన్నటిదాకా మీతో కలిసి టీ తాగినవాళ్లు ఇప్పుడు మీరు స్టాఫ్ రూమ్‌లోకి రాగానే మాట ఆపేస్తున్నారు. కర్రపెత్తనం చేయాలా, అందరినీ అడిగి చేయాలా, ఏ లీడర్‌షిప్ స్టైల్‌తో పని జరుగుతుంది, సీసీ కెమెరాల స్క్రీన్ మీ గదిలో పెట్టించుకోవాలా అని అడిగారు.

నాది జిల్లా పరిషత్ సర్వీసు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే ముప్ఫై మూడేళ్లు, అందులో పదకొండేళ్లు హెచ్చెంగా. రిటైరయ్యాక తిరుపతిలోనే ఒక ప్రైవేటు స్కూల్లో రెండేళ్లు అకడమిక్ అడ్వైజర్ అన్న పేరుతో కూర్చున్నా. అది ఎందుకు మానేశానో కూడా చెప్తా. వయసులో పెద్దదాన్ని, మధ్యలో ఎక్కడైనా నాయనా అని వస్తే ఏమనుకోకండి.

ముందు ఆ ప్రొడక్టివిటీ సంగతి చూద్దాం. చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో షిఫ్టు అయ్యేసరికి ఎన్ని డ్రమ్ములు నిండాయో లెక్కపెట్టొచ్చు. టీచర్ దగ్గర లెక్కపెట్టడానికి డ్రమ్ములేవీ? లేవు కాబట్టి చేతికందినవే లెక్కపెడతాం: ఎన్నింటికి సంతకం పెట్టింది, లెసన్ ప్లాన్ రాసిందా, నోట్సులు దిద్దిందా, నిలబడి చెప్పిందా కూర్చుని చెప్పిందా. నా లెక్క వేరే. విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1,000 గంటల బోధన ఉండాలంటుంది. రోజుకో పీరియడ్ చొప్పున ఒక సబ్జెక్టుకు 220 పీరియడ్లు అనుకోండి. ఒక్కో పీరియడ్‌లో పది నిమిషాలు వృథా అయితే ఏడాదికి 2,200 నిమిషాలు. 45 నిమిషాల పీరియడ్లు దాదాపు 49 పోయినట్టు. అంటే ఆ సబ్జెక్టులో రెండు నెలల పాఠం గాలికి పోయింది. ఆ పది నిమిషాలు తినేది ఎవరని చూస్తే, చాలాసార్లు టీచర్ కాదు, మనమే. సర్క్యులర్ బుక్కు పట్టుకుని అటెండర్ తలుపు దగ్గర నిలబడతాడు. ఫీజు కట్టనివాళ్ల పేర్లు చదవమని ఆఫీసు నుంచి చీటీ వస్తుంది. డ్యాన్స్ ప్రాక్టీసుకు ఆరుగుర్ని పంపమంటారు. ఒక వారం పాటు మీ స్కూల్లో పాఠం మధ్యలో తలుపు ఎన్నిసార్లు తడుతున్నారో ఒక కాగితం మీద గీతలు పెట్టి చూడండి. స్టైల్ గురించి ఆలోచించేది దాని తర్వాత.

గట్టిగా ఉండటం గురించి నాకు బాగా తెలుసు, దెబ్బ తిని నేర్చుకున్నా కాబట్టి.

2006లో ప్రమోషన్ మీద పుత్తూరు వైపు ఒక పల్లె హైస్కూలుకు వెళ్లా. నాకు చార్జి ఇచ్చినాయన పోతూ పోతూ "ఇక్కడ స్టాఫ్‌కు టైము తెలీదు మేడమ్" అని చెప్పి పోయాడు. మొదటి వారమే ఎర్ర పెన్ను కొన్నా. తొమ్మిదీ ముప్పావుకు ప్రేయర్ బెల్లు, తొమ్మిదీ యాభైకి రిజిస్టరు నా బల్ల మీదికి, సంతకం లేని గడిలో ఎర్ర గీత. మూడు గీతలకు ఒక సీఎల్ (క్యాజువల్ లీవు) కట్. రూలు ప్రకారం నన్ను వేలెత్తి చూపేవాళ్లు లేరు.

లెక్కల సారు ఒకాయన తిరుపతి నుంచి వచ్చేవాడు. ఆయన బస్సు మా స్టాపులో ఆగేసరికి తొమ్మిదీ యాభై ఐదు. దానికి ముందు బస్సు ఎనిమిదింపావుకే దించేస్తుంది. పిలిచి అడిగితే "బస్సు నేను తోలతా ఉండానా మేడమ్" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. నెల తిరక్కుండానే మూడో గీత పడింది, సీఎల్ కోశా.

ఆ సారుకు ఒక అలవాటు ఉండేది. సాయంత్రం బడి వదిలాక పదో తరగతిలో వెనకబడిన పదిహేను మందిని వేపచెట్టు కింద కూర్చోబెట్టి ఐదున్నర దాకా లెక్కలు చేయించేవాడు. ఎవరూ చెప్పిన పని కాదది, దానికి రిజిస్టరు లేదు, రూపాయి లేదు. సీఎల్ కోసిన మరుసటి రోజు లాంగ్ బెల్లు కొట్టగానే సంచి భుజాన వేసుకుని పిల్లలతోపాటే గేటు దాటాడు. చెట్టు మొదలుకు ఆనించిన చెక్క బోర్డు మీద సగంలో ఆగిన త్రికోణమితి లెక్క ఒకటి, టవర్ బొమ్మ, 60 డిగ్రీల కోణం, కింద "tan" అని కాదు, తెలుగులో "టాన్" అని రాసి, వారం రోజులు అట్లాగే ఉండిపోయింది. తర్వాత వాన పడి చెరిగింది.

ఆ ఏడాది ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు రిజిస్టరు చూసి నన్ను మెచ్చుకున్నారు. పబ్లిక్ పరీక్షల్లో లెక్కల్లో పదకొండు మంది తప్పారు. తొమ్మిది మంది ఆ చెట్టు కింది పిల్లలే.

నేను చేయాల్సిందల్లా టైమ్ టేబుల్లో ఆయనకు మొదటి పీరియడ్ తీసేయడం. అరగంట పని. మరుసటి జూన్‌లో చేశా. "ఆయనకొక రూలు, మాకొక రూలా?" అని ఒక టీచరమ్మ స్టాఫ్ మీటింగ్‌లో అడిగింది, న్యాయమైన ప్రశ్నే. సాయంత్రం గంట ఉండేవాళ్లు ఎవరైనా మొదటి పీరియడ్ వదులుకోవచ్చన్నా, ఇద్దరు ముందుకొచ్చారు. లెక్కల సారు దసరా సెలవుల తర్వాత చెట్టు కింద క్లాసు మళ్లీ పెట్టాడు, కానీ వారానికి మూడు రోజులే. ముందు ఐదు రోజులుండేది. ఆ రెండు రోజులు నేనక్కడ ఉన్నన్నాళ్లూ తిరిగి రాలేదు. ఆయనకు నేను సారీ కూడా చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

చాలా ఏళ్ల తర్వాత ఒక ట్రైనింగ్‌లో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వవేత్త ప్రయోగం గురించి విన్నా. లెవిన్, లిపిట్, వైట్ అనే ముగ్గురు అమెరికాలోని అయోవాలో చేసి 1939లో ప్రచురించింది. పదేళ్ల మగపిల్లల్ని చిన్న చిన్న క్లబ్బులుగా కూర్చోబెట్టి మాస్కులు చేయడం లాంటి పనులిచ్చారు. ఒక రకం పెద్దాయన అంతా తానే ఆజ్ఞాపిస్తాడు, ఇంకో రకం పిల్లలతో కలిసి నిర్ణయిస్తాడు, మూడో రకం పట్టించుకోడు. పెద్దాయన గదిలో ఉన్నంతసేపు ఆజ్ఞల గుంపులో పని బాగానే సాగింది. ఆయన బయటికి వెళ్లగానే పడిపోయింది. కలిసి నిర్ణయించుకున్న గుంపులో ఆయన ఉన్నా లేకపోయినా పెద్ద తేడా రాలేదు. పిల్లల క్లబ్బు సంగతిని ముప్ఫై ఏళ్ల సర్వీసున్న టీచర్లకు నేరుగా అతికించలేం, అది నాకూ తెలుసు. కానీ స్కూల్లో టీచర్ పని దాదాపు అంతా మనం గదిలో లేనప్పుడే జరుగుతుంది. మీ స్కూల్లో ఒకే సమయంలో పన్నెండు క్లాసులు నడుస్తుంటే పదకొండింటిలో మీరు లేనట్టే కదా.

ఆ దెబ్బతో నేను రెండో కొసకు పోయా. చంద్రగిరి వైపు బదిలీ అయ్యాక అన్నీ స్టాఫ్ మీటింగ్‌లో పెట్టి చేతులెత్తించేదాన్ని. టైమ్ టేబుల్ కూడా అట్లాగే వేశాం. ఏమైంది? సీనియర్లు పొద్దున పీరియడ్లు, పదో తరగతి పంచుకున్నారు. కొత్తగా డీఎస్సీలో వచ్చిన ఒక అమ్మాయికి ఎనిమిది బి సెక్షన్, అన్నీ మధ్యాహ్నం పీరియడ్లే, పైగా లైబ్రరీ, భోజనం లెక్కలు. పద్నాలుగు చేతులు ఒక పక్క, ఆ అమ్మాయి ఒక్కతే ఇంకో పక్క. నోరెత్తలేదు. రెండేళ్లు కాగానే కౌన్సెలింగ్‌లో బదిలీ పెట్టుకుని పోయింది. మంచి టీచరు, పిల్లలు ఏడ్చారు. అందరినీ అడగడమంటే నా పని వాళ్ల మీదికి తోసేయడం అని పొరపాటుపడ్డా. పాఠం ఎట్లా చెప్పాలి, ఏ యూనిట్ ముందు, ఏ పరీక్ష ఎప్పుడు అన్నది వాళ్లను అడగండి, మీకంటే వాళ్లకే బాగా తెలుసు. బరువు ఎవరి మీద ఎంత పడాలన్నది మాత్రం మీరే తేల్చండి, తిట్లు వస్తే మీరే తినండి.

మీ ముందున్నాయన లాంటి వాళ్ల గురించి ఎక్కువ చెప్పను. "మంచోడు" అన్న పేరుతో రిటైరవుతారు. ఆ మంచితనం ఖర్చు ఎవరు భరించారో సబ్‌స్టిట్యూషన్ రిజిస్టరు తిరగేస్తే తెలుస్తుంది. సెలవు పెట్టేవాళ్ల పీరియడ్లన్నీ ఎప్పుడూ ఆ ముగ్గురు నలుగురు పనిచేసేవాళ్ల మీదే పడి ఉంటాయి. మీ స్కూల్లో ఆ ముగ్గురు నలుగురు ఎవరో ఈ వారమే కనుక్కోండి. మీరు చేయగలిగిన మొదటి న్యాయం అక్కడే ఉంది.

హెర్సీ, బ్లాంచర్డ్ అని ఇద్దరు 1969లో ఒక మాట చెప్పారు, మనుషుల్ని బట్టి, వాళ్లకు ఆ పని ఎంత వచ్చన్నదాన్ని బట్టి స్టైల్ మార్చుకోవాలని. మన పెద్దవాళ్లు రోజూ చేసే పనే. ఈ ఏడాదే బీఎడ్ ముగించి వచ్చిన అమ్మాయికి "మీ ఇష్టం మేడమ్, ఎట్లా చెప్పినా పర్లేదు" అంటే అది స్వేచ్ఛలా అనిపించదు, నీళ్లలో తోసినట్టుంటుంది. నలభై మంది ఏడో తరగతి పిల్లల్ని ఎట్లా కూర్చోబెట్టాలో పక్కన నిలబడి చూపించాలి. ఇరవై ఏళ్లుగా పద్యం చెప్తున్న తెలుగు పండితుడికి అదే పని చేస్తే అవమానం. ఆయన చేత ఏడు గడుల ప్రొఫార్మాలో లెసన్ ప్లాన్ రాయించారంటే, ఆయన గడులు నింపుతాడు, పద్యంలో రాగం పోతుంది.

ఇక దేంతో పని జరుగుతుందో చెప్తా. న్యూజిలాండ్‌కు చెందిన వివియన్ రాబిన్సన్ బృందం 2008లో అంతకుముందు వచ్చిన పరిశోధనలు కొన్నిటిని కలిపి చూసింది. మాటలతో స్ఫూర్తినిచ్చే నాయకత్వం కంటే, బోధన మీద దృష్టి పెట్టే నాయకత్వం పిల్లల చదువు మీద మూడు నాలుగు రెట్లు ఎక్కువ ప్రభావం చూపించిందని తేల్చారు. అందులోనూ అన్నిటికంటే ముందు నిలిచింది, టీచర్లు నేర్చుకునే చోట హెడ్ కూడా కూర్చుని వాళ్లతోపాటు నేర్చుకోవడం. ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యమేమీ అనిపించలేదు. పాఠం చెప్పే హెచ్చెం మాటకు, పాఠం మానేసిన హెచ్చెం మాటకు స్టాఫ్ రూమ్‌లో విలువ ఒకటి కాదు.

కాబట్టి ఫిజిక్స్ మానేయొద్దు నాయనా. కరస్పాండెంట్ "ఇంకా క్లాసులెందుకు" అన్నా సరే, ఒక సెక్షన్ ఉంచుకోండి, వీలైతే అందరూ తప్పించుకునే సెక్షన్. రోజుకో క్లాసులో వెనక బెంచీ మీద పిల్లల పక్కన ఇరవై నిమిషాలు కూర్చోండి. చేతిలో ఫైలు, పెన్ను ఉండకూడదు. బయటికొచ్చాక టీచర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: "ఇవాళ ఎక్కడ పిల్లలు జారిపోయారనిపించింది?" మొదటి నెల అందరూ "బాగానే విన్నారు సార్" అంటారు. రెండో నెలలో ఎవరో ఒకరు నిజం చెప్తారు. అక్కడినుంచి మీ పని మొదలవుతుంది.

2020 జాతీయ విద్యా విధానం టీచర్లకు, హెడ్‌లకు ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలంటుంది. దాన్ని హోటల్ హాల్లో మోటివేషన్ స్పీకర్‌తో అవగొట్టకండి. మేము శనివారం చివరి పీరియడ్‌లో చేసేవాళ్లం. వారానికి ఒకరు తమకు కష్టమైన పాఠం ఎట్లా చెప్తున్నారో మిగతావాళ్లకు చెప్పి చూపించాలి. మొదటివారం నేనే నిలబడ్డా, పాసివ్ వాయిస్. అందరి ముందూ రెండు తప్పులు చేశా, ఇంగ్లిష్ టీచర్ దిద్దింది. ఆ తర్వాత ఎవరూ భయపడలేదు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్ల పల్లె బడుల గురించి కూడా తెలుసుకోండి. ఒకే గది, ఒకే టీచరు, వేరే వేరే తరగతుల పిల్లలు. పాఠాన్ని కార్డులుగా విడగొట్టి మెట్లలాగా పేర్చి ఉంటారు. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో గోడ మీది పట్టిక చూస్తే తెలిసిపోతుంది. టీచర్ పనిచేస్తోందా లేదా అని పైనుంచి ఎవరూ తొంగి చూడక్కర్లేదు.

గట్టిగా ఉండాల్సిన చోట ఉండాలి, ఉండొద్దని కాదు. గేటు దగ్గర టైము కంటే క్లాసులోకి వెళ్లే టైము మీద గట్టిగా ఉండండి. బ్రహ్మోత్సవాలప్పుడు, ముఖ్యంగా గరుడ సేవ రోజు, బస్సులు కొండకు పోతాయి, రోడ్లు నిండిపోతాయి. ఆ రోజు రిజిస్టర్‌లో గీతలు గీసేవాడు తిరుపతివాడే కాదు. కానీ బెల్లు కొట్టాక స్టాఫ్ రూమ్‌లో ఫోన్ చూస్తూ కూర్చుంటే ఎంత సీనియరైనా ఊరుకోకండి. పిల్లల్ని కొట్టడం దగ్గర రెండో మాట లేదు, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధిస్తుంది. మార్కులు పెంచి వేసే పని మీ స్కూల్లో ఉంటే మొదటి టర్మ్‌లోనే ఆపించండి. పదో తరగతి ఫలితాలు దిగడానికి సగం కారణం, తొమ్మిదిలో ఆ ఉత్తుత్తి మార్కులు చూసి అందరూ నిశ్చింతగా ఉండటమే అని నా అనుమానం.

స్టాఫ్ రూమ్‌లో మాట ఆగిపోతోందన్నారు. ఆగుతుంది, మనసుకు తీసుకోకండి. టీ అక్కడే తాగండి, పది నిమిషాల్లో లేచి రండి, వాళ్లకూ మిమ్మల్ని తిట్టుకోవడానికి కాస్త టైము కావాలి. ఒక్క విషయంలో జాగ్రత్త. ఈ నెలలోనే ఎవరో ఒకరు మీ గదికొచ్చి "సార్, ఫలానా సారు గురించి మీకో మాట చెప్పాలి, నా పేరు రాకూడదు" అంటారు. "ఉండండి, ఆయన్నీ పిలుద్దాం, ఇద్దరూ ఉన్నప్పుడే చెప్పండి" అనండి. రెండుసార్లు అట్లా అంటే ఆ దారి మూసుకుపోతుంది. వింటూ కూర్చున్నారా, మీ స్కూల్లో సగం శక్తి చాడీలకే పోతుంది.

ఇప్పుడు కరస్పాండెంట్ గారి సంగతి. నేను అడ్వైజర్‌గా ఉన్న స్కూల్లో ఒక ఏప్రిల్‌లో క్లాసుల నుంచి టీచర్ల కుర్చీలన్నీ తీయించేశారు. కూర్చుంటే పని చేయరట. ఐదో నెల గర్భిణి ఒకామె బల్లకు ఆనుకుని చెప్తుంటే ఆఫీసు నుంచి ఫోన్: "ఆనుకోవద్దని చెప్పండి." కెమెరాలో చూశారు. ఎండాకాలంలో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిప్పేవాళ్లు, తలకు ఇన్ని అని టార్గెట్. జీతం ఒకటో తేదీ కాదు, ఎప్పుడు పడితే అప్పుడు. టీచర్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు స్కూలు బీరువాలో. నేను నాలుగుసార్లు చెప్పి చూశా, ఐదోసారి రాజీనామా కాగితం ఇచ్చి వచ్చేశా. హెర్జ్‌బర్గ్ అనే ఆయన ఇంజనీర్లు, అకౌంటెంట్ల మీద చేసి 1959లో ప్రచురించిన అధ్యయనంలో ఒక తేడా చూపించాడు. జీతం, రూళ్లు, పై అధికారి తీరు బాగాలేకపోతే మనిషిలో అసంతృప్తి పెరుగుతుంది, అవి బాగున్నంత మాత్రాన ఉత్సాహం రాదు. ఉత్సాహం వచ్చేది చేసిన పనిలో ఫలితం కనిపించినప్పుడు, దాన్ని ఎవరైనా గుర్తించినప్పుడు. దీన్ని మీకెందుకు చెప్తున్నానంటే, జీతం ఇరవై ఐదో తేదీన పడే చోట మీరు ఎంత మంచి లీడరైనా, ఏ స్టైల్ వాడినా నెల చివర్లో ఎవరి చెవికీ ఎక్కదు. ఇది ముందు ఒప్పుకోండి.

కరస్పాండెంట్‌కు సిద్ధాంతాలు చెప్పొద్దు. గత మూడేళ్లలో మధ్యలో మానేసిన టీచర్ల జాబితా రాయండి: ఏ నెలలో మానేశారు, ఏ క్లాసు, ఎన్ని వారాలు ఆ సబ్జెక్టు ఖాళీగా ఉంది, ఆ క్లాసుకు చివర్లో ఎన్ని మార్కులొచ్చాయి. ఒకే పేజీ. నవంబర్లో లెక్కల టీచర్ పోయిన సెక్షన్ మార్కులు ఆ పేజీలో వాటంతట అవే కనబడతాయి. మీ ఫలితాలు దిగిన రెండేళ్లకూ మీ ముందున్నాయన మెతకదనం ఒక్కటే కారణమా అన్నది కూడా ఆ పేజీయే చెప్తుంది. ఆ కాగితం ఆయన బల్ల మీద పెట్టి, జీతం తేదీ ఒకటి, పాఠం మధ్యలో తలుపు తట్టకుండా ఉండటం ఒకటి, ఈ రెండే అడగండి. మూడోది ఇప్పుడు అడగొద్దు. ఫలితం ఒక్క ఏడాదిలో కనబడదని ముందే చెప్పండి, రెండేళ్లు అడగండి. "ఒక ఏడాదిలో చూపిస్తా" అని మాటిచ్చిన ప్రిన్సిపాళ్లే మార్చిలో ఎర్ర పెన్ను తీస్తారు.

స్క్రీన్ మీ గదిలో వద్దు. మీ బల్ల ఎదురుగా ఉంటే మీ కళ్లు దాని మీదికే పోతాయి, టీచర్‌కు మీ గది తలుపు తెరవాలనే అనిపించదు. గేటు, మెట్లు, వరండా కెమెరాలు పిల్లల భద్రతకు అవసరమే, వాటి స్క్రీన్ వాచ్‌మన్ గదిలో పెట్టించండి. క్లాసుల్లో ఏం జరుగుతోందో చూడాలనిపిస్తే లేచి వెళ్లండి, వెనక బెంచీ ఖాళీగానే ఉంటుంది. అన్నట్టు, క్లాసుల్లో టీచర్లకు కుర్చీలున్నాయో లేదో కూడా రేపు ఒకసారి చూసుకోండి.